బోటు కడిగినాయనకి రెండు స్టార్లు, సీలు వేసినావిడకి నాలుగున్నర

ముందే చెప్పేస్తున్నా, ఇది బిర్యానీ రివ్యూ కాదు. కాలిఫోర్నియాలో చేపల పిచ్చితో చిన్న బోటు కొనుక్కున్న మనవాళ్లు, కొందామా వద్దా అని ఊగుతున్నవాళ్లు నేను కనిపిస్తే చాలు అడిగేది ఒకటే. బోట్లకి అతుక్కుని లేక్ నుంచి లేక్‌కి పాకే ఈ మజిల్ అనే గుల్ల గొడవేంటి, డబ్బులిచ్చి వేడినీళ్లతో కడిగించేస్తే పనైపోతుందా, లేకపోతే బోటుకి సీలు వేయించుకుని నెలరోజులు ఇంటి ముందు దాని మొహం చూస్తూ కూర్చోవాలా? నేను ఒకే వేసవిలో రెండూ చేశాను, రెండింట్లోనూ దెబ్బ తిన్నాను, కాబట్టి రాసే హక్కు ఉందనుకుంటున్నా. కడిగినాయన పేరూ రాయను, లేక్ పేరూ రాయను. ఆయన కష్టపడి బతికే మనిషే, కౌంటర్లో ఉన్నవాళ్లు జీతానికి పనిచేసేవాళ్లే, నా కోపం మనుషుల మీద కాదు, సర్వీసు మీద.

మా ఇల్లు మౌంటెన్ హౌస్‌లో. 2025 వేసవి మొదట్లో నేనూ, మా వీధిలోనే ఉండే స్నేహితుడు ఒకడూ చెరిసగం వేసుకుని 16 అడుగుల అల్యూమినియం బోటు, దానికో మోటారు, ట్రైలరు అన్నీ కలిపి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అమ్మినాయన దాన్ని ఏళ్ల తరబడి స్టాక్టన్ వైపు డెల్టాలో, అంటే శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే చోట, తిప్పాడట. "డెల్టా నీళ్లలో బాగా నడిచిన బోటు" అన్నాడు, మేం కూడా అదేదో మంచి మాట అనుకుని ఇంకో వంద డాలర్లు బేరం ఆడకుండా వదిలేశాం. తర్వాత ఇన్‌స్పెక్షన్ కౌంటర్లో "ఇంతకుముందు ఏ నీళ్లలో దిగింది?" అని అడిగితే గొప్పగా "డెల్టా" అని చెప్పాను. కౌంటర్లో ఉన్నావిడ పెన్ను పక్కన పెట్టి చేతికి గ్లౌజులు తొడుక్కుంది.

విషయం ఏమిటంటే, 2024 అక్టోబర్ 17న స్టాక్టన్ పోర్టులో రాష్ట్ర జలవనరుల శాఖ సిబ్బందికి గోల్డెన్ మజిల్ అనే చిన్న గుల్ల కనిపించింది. ఉత్తర అమెరికా మొత్తంలో అదే మొదటిసారి. మజిల్ అంటే జిమ్ములో పెంచేది కాదు, ఆల్చిప్ప జాతిది, రెండు చిప్పల గుల్ల. పెరిగినది మామూలుగా బొటనవేలు చివరి కణుపంత. రంగు పసుపు, గోధుమ కలిసినట్టు ఉంటుంది. అందుకని గోల్డెన్ అన్నారు, పేరు విని ఎవరూ ఆశపడకండి. సొంతూరు చైనా, ఆగ్నేయాసియా. ఏదో దేశం నుంచి వచ్చిన ఓడతో దిగి ఉంటుందని ఇక్కడి అధికారుల అంచనా. ఆ తర్వాత కొద్దిరోజులకే శాన్ లూయిస్ దగ్గర ఓనీల్ ఫోర్‌బే అనే రిజర్వాయరులో కూడా దొరికింది, అంటే అప్పటికే డెల్టా నుంచి కాలువెక్కి దక్షిణం వైపు ప్రయాణం పెట్టుకుందన్నమాట.

ఇది అక్కడా ఇక్కడా రెండు గుల్లలుంటే ఎవరికీ పట్టేది కాదు. దీని ఒంట్లోంచి వచ్చే సన్నటి పోగులతో రాయి, కాంక్రీటు, ఇనుము, తాడు, దేన్నయినా పట్టుకుని అతుక్కుపోతుంది, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. గుంపులు కట్టిన చోట చదరపు మీటరుకి లక్ష దాటి కూడా ఉండొచ్చు. పంపుల దగ్గర చెత్త ఆపే ఇనప జల్లెడలు మూసుకుపోతాయి, పైపు లోపలి వ్యాసం తగ్గిపోతుంది, చచ్చినవి ఊడి కొట్టుకొచ్చి తోటల్లో డ్రిప్పు పైపుల్లోనూ స్ప్రింక్లర్లలోనూ ఇరుక్కుంటాయి. ఇంక పిల్లలైతే కంటికి కనపడవు, మిల్లీమీటరులో పదోవంతు, నీళ్లలో తేలుతూ పోతుంటాయి. బోటు అడుగున మిగిలిన లోటాడు నీళ్లలో కూడా అవి వందల్లో ఉండొచ్చు. ఈ గోలంతా ఆ లోటా నీళ్ల గురించే.

సరే, కడిగించిన కథ. మాకు కావలసిన లేక్‌లో రూలు ఇలా ఉంది: మోటారు బోటు, ట్రైలరు మీద వచ్చే బోటు ఏదైనా ముందు తనిఖీ చేయించి, బోటుకీ ట్రైలరుకీ కలిపి సీలు వేయించుకుని 30 రోజులు ఆరబెట్టాలి, లేదా అక్కడే వాళ్ల వేడినీళ్ల స్టేషన్లో శుద్ధి చేయించుకోవాలి. దానికి స్లాట్ బుక్ చేసుకోవాలి, అది మూడు వారాల దాకా దొరకలేదు. శాక్రమెంటో దగ్గరి ఫోల్సమ్ లేక్‌లో 2025 ఏప్రిల్ నుంచి ఇలాంటి 30 రోజుల క్వారంటైనే పెట్టారు, అక్కడా ఇక్కడా అని కాదు, డెల్టా చుట్టుపక్కల చాలా రిజర్వాయర్లు ఆ ఏడాది ఒకదాని వెంట ఒకటి గేట్లు బిగించాయి. మా స్నేహితుడికి ఓపిక తక్కువ. ఆన్‌లైన్లో వెతికి, ఇంటికొచ్చి బోటుని వేడినీళ్లతో "మజిల్ సేఫ్"గా కడిగి రసీదు ఇచ్చే ఆయన్ని పట్టుకొచ్చాడు. 180 డాలర్లు. శనివారం పొద్దున్నే పికప్ ట్రక్కు వెనకాల బాయిలరు, ప్రెజర్ మెషిను తగిలించుకుని వచ్చాడు, చూడటానికి చాలా సరంజామా ఉంది, మా వీధి పిల్లలందరూ సైకిళ్లు ఆపి చూశారు.

బయట కడగడంలో వంక పెట్టను. గుడ్డతో తుడిచినట్టు చేశాడు, బోటు మళ్లీ కొత్త పెళ్లికొడుకులా అయింది. కానీ ఎంత వేడి నీళ్లు అని అడిగితే "చాలా వేడి" అన్నాడు. థర్మామీటరు లేదు. ఇక్కడి పద్ధతి ప్రకారం బయటి ఉపరితలానికి తగిలేచోట నీళ్లు 140 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, అంటే మన లెక్కలో 60 సెల్సియస్, తగిలించి వెంటనే తీసేస్తే చాలదు, కనీసం పది సెకన్లు నిలబెట్టాలి. గొట్టం చివర నుంచి అడుగు దూరం పోయేసరికే వేడి దిగిపోతుంది, అందుకే గొట్టం దగ్గర కాదు, లోహం మీద కొలవాలి. ఇవన్నీ నాకు అప్పుడు తెలియదు, తర్వాత కౌంటర్లో ఆవిడ చెబితే తెలిసింది. లోపలి అరలు, పట్టిన చేపల్ని బతికుంచే ట్యాంకు, అడుగున నీళ్లు చేరే చోటు, వీటికి 120 డిగ్రీల నీళ్లు పోసి పారించాలి, మోటారు లోపల చల్లబరిచే నీళ్ల దారిలోకి కూడా వేడినీళ్లు పంపి బయటికొచ్చేదాకా చూడాలి. మా కడిగినాయన చేపల ట్యాంకు మూత కూడా ఎత్తలేదు. మోటారుని పై నుంచి కడిగాడు, తలకి నూనె రాసినట్టు. ట్రైలరు మీద బోటు ఆనే చెక్కలకి కార్పెట్ చుట్టి ఉంటుంది కదా, అది తడి పీల్చుకుని రోజులు రోజులు ఆరదు, దాని వైపు చూడనే లేదు.

రసీదు మాత్రం అందంగా ఇచ్చాడు, కింద సంతకం, పైన గుల్ల బొమ్మ మీద ఎర్ర అడ్డగీత.

ఆ రసీదు పట్టుకుని రెండు గంటలు డ్రైవ్ చేసి లేక్‌కి వెళ్లాం. నేను, మా స్నేహితుడు, మా మామగారు. ఆయన సంగతి తర్వాత చెబుతా, అసలు ఈ రివ్యూలో సగం ఆయనదే. కౌంటర్లో ఉన్నావిడకి యాభై దాటి ఉంటాయి, ఎండకి కమిలిన మొహం, మెడలో విజిల్. రసీదు తీసుకుని మర్యాదగానే చదివి, "ఇది మేం ఒప్పుకోం, మా స్టేషన్లో చేసినదైతేనే లెక్క" అని వెనక్కిచ్చింది. మా స్నేహితుడు వాదించబోయాడు, నేను ఆపాను, ఎందుకంటే ఈలోపు ఆవిడ బోటు కిందకి వంగి అరచేత్తో అడుగు మెల్లగా నిమురుతోంది. ఏం చేస్తున్నారని అడిగితే, కొత్తగా అతుక్కున్న పిల్లగుల్లలు కంటికి కనపడవు కానీ చేతికి గరుకు కాగితం తగిలినట్టు తగులుతాయట. మా బోటు నున్నగానే ఉంది. ఆ తర్వాత చేపల ట్యాంకు మూత ఎత్తి టార్చి వేసింది. అడుగున రెండు వేళ్ల మందం నీళ్లు. కడిగినవే, సరిగ్గా పారబోయనివి. నేలలోకి దిగిపోవాలనిపించింది.

ఆవిడ తిట్టలేదు, అందుకే నాలుగున్నర. మోటారుని కిందికి దింపి నిలబెట్టమంది, అందులోంచి ఇంకో గ్లాసుడు నీళ్లు కారాయి. లంగరు తాడు విప్పించింది, తడి తాడు డబ్బాలో పెట్టి మూత వేసుకుంటాం కదా, గుల్ల పిల్లకి అంతకంటే చల్లటి పందిరి ఉండదు. అడుగు బిరడా తీసి జేబులో పెట్టుకోమంది, రోడ్డు మీద బోటు బిరడా లేకుండానే పోవాలిట. అంతా అయ్యాక బోటు ముందు భాగంలో ఉండే ఇనప రింగుకీ ట్రైలరు స్తంభానికీ కలిపి సన్నటి తీగ బిగించి, నంబరున్న సీలు వేసి, ఆ నంబరు, తేదీ కాగితం మీద రాసిచ్చింది. సీలు తెంపకుండా ట్రైలరు మీంచి బోటు దిగదు, దిగలేదంటే నీళ్లు తాకలేదన్నట్టు. ఇంతే టెక్నాలజీ. 15 డాలర్లు తీసుకున్నారు. 180 ఇచ్చినచోట ట్యాంకు మూత ఎత్తలేదు, 15 ఇచ్చినచోట తాడు కూడా విప్పి చూశారు.

ఇక్కడ మా మామగారి గురించి చెప్పాలి. ఆయన దుగ్గిరాల వైపు కాలువల మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. లాకులు, తూములు, గట్టు మీద సైకిలు, రాత్రిపూట గండి పడిందేమోనని లాంతరు పట్టుకుని తిరగడం, ఇదీ ఆయన జీవితం. ఆరు నెలలకని వచ్చారు. ఇక్కడ ఆయనకి నచ్చిన ఒకే ఒక్క చోటు మా ఇంటికి దగ్గర్లోని బెథనీ రిజర్వాయరు, అక్కడి నుంచే కాలిఫోర్నియా ఆక్విడక్ట్ అనే పెద్ద కాలువ గట్టు వెంట నడక దారి మొదలవుతుంది. పక్కనే బ్యాంక్స్ పంపింగ్ ప్లాంటు డెల్టా నీళ్లని కొండ పైకి ఎత్తి ఈ కాలువలో పోస్తుంది. మొదటిరోజు ఆయన గట్టు మీద నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "దీనికి లస్కర్లు ఎంతమంది బాబూ?" అన్నారు.

కాలువ పొడవు 444 మైళ్లు. ఈ కాలువ ఉన్న స్టేట్ వాటర్ ప్రాజెక్టు నీళ్లు 2 కోట్ల 70 లక్షల మందికి, ఏడున్నర లక్షల ఎకరాలకి అందుతాయని చెప్పాను. ఎకరాల లెక్క విని ఆయన కొంచెం పెదవి విరిచారు, "మన కృష్ణా డెల్టాయే 13 లక్షల ఎకరాలు, అదీ పంపు లేకుండా" అని. దక్షిణాన టెహాచపీ కొండల దగ్గర ఎడ్మన్‌స్టన్ పంపింగ్ ప్లాంటులో నీళ్లని ఒకే విడతలో 1,926 అడుగుల పైకి తోస్తారని చెప్పాకే కాస్త మెత్తబడ్డారు. బెథనీ నుంచి సౌత్ బే ఆక్విడక్ట్ అని ఇంకో పాయ విడిపోయి లివర్‌మోర్, ఫ్రీమాంట్, శాన్ హోసే వైపు వెళ్తుంది. అంటే ఫ్రీమాంట్‌లో మనవాళ్లు పప్పు ఉడకేసుకునే నీళ్లలో ఈ కాలువ నీళ్లూ కొన్ని ఉంటాయి. కంగారు పడకండి, శుద్ధి ప్లాంటు దాటి గుల్లలు కుళాయిలోకి రావు. భయం కుళాయికి కాదు, కాలువకి, పంపులకి, వాటిని గీకి శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చుకి, ఆ ఖర్చు చివరికి ఎవరి వాటర్ బిల్లులో తేలుతుందో చెప్పక్కర్లేదు.

సీలు వేయించుకొచ్చిన మర్నాడు ఆయన్ని డెల్టాలో ఒక బోట్ల రేవుకి తీసుకెళ్లా, ఎందుకింత గొడవో కళ్లతో చూపిద్దామని. అక్కడ తెలిసినాయన తన రేవుకి వేలాడుతున్న తాడొకటి పైకి లాగి చూపించాడు. తాడు కనపడలేదు. ముంజేయి లావున గుల్లలే, గుత్తులు గుత్తులుగా, ముసిరిన తేనెటీగల్లా. మామగారు ఒకటి పీకబోతే రాలేదు, గోరుతో గిల్లాల్సొచ్చింది. వాసన చూశారు, ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. మొదట అన్నమాట: "గుల్లసున్నం కాల్చుకోవచ్చు కదా." రెండోది: "మరి వేసవిలో కాలువ కట్టేయరా?"

ఆ రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక వారం రోజులు దొరికిందల్లా చదివాను. మన దగ్గర పంట అయ్యాక ఎండాకాలంలో డెల్టా కాలువలు కట్టేస్తారు, పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగిపారేస్తారు, షట్టర్లకి గ్రీజు పెడతారు, మళ్లీ నీళ్లు వదిలేదాకా కాలువ అడుగు బీటలువారి ఉంటుంది. కట్టేసిన వారానికి అడుగున గుల్లలన్నీ నోళ్లు తెరిచి గలగలమనేవనీ, పిల్లలు ఏరుకుని ఆడుకునేవాళ్లనీ మామగారు చెప్పారు. ఈ గోల్డెన్ మజిల్‌కి కూడా చావు అలాగే, తడి లేకపోతే కొన్ని రోజుల కంటే బతకదు, బోటుకి 30 రోజులు పెట్టడం కూడా కాస్త మందు ఎక్కువ పోసినట్టే. కానీ ఇక్కడి పెద్ద కాలువని కట్టేయడానికి వీల్లేదు. నగరాలకి పన్నెండు నెలలూ నీళ్లు కావాలి, అదొకటి. రెండోది, కాంక్రీటు లైనింగు వెనక భూమిలో నీళ్లుంటాయి, కాలువలో మట్టం గబగబా దించేస్తే వెనక నుంచి ఒత్తిడికి పలకలు లేచి పగులుతాయి. ఇది చెప్పగానే ఆయనకి వెంటనే అర్థమైంది, "అవును, గట్టు జారుద్ది" అన్నారు, నాకు ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు చెప్పినా ఎక్కనిది ఆయనకి ఒక్క మాటలో ఎక్కింది. మన కాలువకి ఎండాకాలమే మందు. ఎండిపోవడం తెలియని కాలువకి రోగం వస్తే గీకుడు, క్లోరిను, జల్లెడలు మార్చడం, రోజూ డబ్బే.

దీని చరిత్ర చదువుతుంటే నిద్రపట్టదు, రెండు ముక్కలు చెప్పి వదిలేస్తా. అర్జెంటీనాలో రియో డి లా ప్లాటా దగ్గర 1991లో కనిపించింది, అక్కడి నుంచి నదుల్లో ఎదురెక్కి ఏడాదికి సగటున 240 కిలోమీటర్లు పోయింది, 2001కల్లా బ్రెజిల్, పరాగ్వే సరిహద్దులోని ఇతైపు డ్యాము దగ్గరుంది. దానికి కాళ్లూ లేవు, రెక్కలూ లేవు. ఎదురు ప్రవాహంలో అంత దూరం ఎలా వెళ్లిందంటే పడవలకి అతుక్కునే. చైనాలో దక్షిణం నీళ్లు ఉత్తరానికి మోసుకెళ్లే 1,400 కిలోమీటర్ల కాలువలో కూడా చేరింది, సొంత దేశంలోనే కొత్త ఊళ్లు పట్టిందన్నమాట. దీనిలాగే అతుక్కుపోయే జీబ్రా, క్వాగా మజిళ్లు ఇక్కడికి ముందే వచ్చాయి. మిషిగన్‌లో మన్రో అనే ఊరికి 1989లో నీళ్లు తీసుకునే గొట్టం జీబ్రా మజిళ్లతో పూడి నీళ్లే ఆగిపోయాయి. 2007 జనవరిలో లాస్ వేగాస్ దగ్గరి లేక్ మీడ్‌లో క్వాగా దొరికింది. ఇక్కడే హోలిస్టర్ దగ్గర శాన్ హుస్టో రిజర్వాయరులో 2008 జనవరిలో జీబ్రా బయటపడితే జనానికి గేటు మూసేశారు, ఏళ్లు గడిచినా తెరవలేదు. కౌంటర్లో ఆవిడ ఎందుకంత చాదస్తంగా తాడు విప్పించిందో ఇది చదివాక అర్థమైంది. పైగా గోల్డెన్‌ది ఇంకో తలనొప్పి. చిప్ప కట్టుకోవడానికి నీళ్లలో సున్నం కావాలి కదా, క్వాగాకి బాగా కావాలి, అందుకే సియెర్రా కొండల మంచు కరిగి వచ్చే పలచని నీళ్లున్న లేకులు ఇన్నాళ్లూ కొంత ధైర్యంగా ఉండేవి. దీనికి అతి కొంచెం సున్నమున్నా చాలు.

అన్నట్టు మనకేం లేదనుకోకండి. దక్షిణ అమెరికా వైపు గుల్ల ఒకటి కేరళ బ్యాక్‌వాటర్స్‌లో దిగింది, మద్రాసు ఎన్నూరు, మన పులికాట్ వైపూ చేరింది, రొయ్యలు, చేపలు పట్టుకునేవాళ్ల కింద నేలంతా పరుచుకుపోయి గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అది ఉప్పుటేరు నీళ్లది, కాలువల్లోకి రాదు, అదొక్కటే ఊరట. మా ఆసియాది అమెరికాకి, అమెరికాది మా ఆసియాకి, ఓడలవాళ్లకి మాత్రం సరుకు దిగిందా లేదా అన్నదే లెక్క.

మళ్లీ రివ్యూకి వస్తా. 30 రోజులు ఆగాం. మా డ్రైవ్‌వేలో బోటు నిలబడి ఉంటే పక్కింటాయన రెండుసార్లు అడిగాడు, అమ్ముతారా అని. జులై చివర్లో లేక్‌కి వెళ్తే పది నిమిషాల్లో పని అయిపోయింది, నంబరు సరిచూసి, తీగ తెంపి, వెళ్లండి అన్నారు. ఆ రోజు బాగా గడిచింది, రెండు బాస్ చేపలు పడ్డాయి, మామగారు వలయితే ఎలా విసిరేవారో చేతులు చాపి చూపించి బోటుని దాదాపు బోల్తా కొట్టించారు. పొద్దు వాలేదాకా ఉన్నాం. అదే మేం చేసిన తప్పు, లేదా వాళ్లు చేసిన తప్పు, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. బయటికొచ్చేటప్పుడు మళ్లీ సీలు వేయించుకుంటే, అదే సీలుతో మళ్లీ అదే లేక్‌కి ఎప్పుడొచ్చినా ఆగక్కర్లేదు, నేరుగా దింపుకోవచ్చు. ఆ సీలు వేసే కౌంటరు సాయంత్రం ఏడుకి మూసేస్తారు. బోట్లు దింపే ర్యాంపు మాత్రం సూర్యాస్తమయం దాకా తెరిచే ఉంటుంది. మేం ఎనిమిదింటికి వచ్చేసరికి కిటికీకి తాళం. ఎదురుగా బోర్డు మీద అంతా రాసే ఉంది, చిన్నక్షరాల్లో, పొద్దున వచ్చేటప్పుడు కనపడని వైపు. మాతోపాటు ఇంకో ఆరు బోట్లవాళ్లు అక్కడ నిలబడి తిట్టుకుంటున్నారు, అందులో ఒకాయనది నలుగురు పిల్లల కుటుంబం, మర్నాడు మళ్లీ వద్దామని టెంటు కూడా వేసుకున్నాడు పాపం.

అంటే మళ్లీ 30 రోజులు. ఆ అర స్టారు కోసింది దీనికే. ర్యాంపు తెరిచి ఉన్నంతసేపూ సీలు వేసే మనిషి ఉండాలి, లేదా ఏడుకే బయటికి రమ్మని లోపలికి పంపేటప్పుడే నోటితో చెప్పాలి. ఫోన్ చేసి అడిగితే ఒప్పుకున్నారు, చాలామంది అదే అంటున్నారని, బోర్డు తిప్పి పెడతామని అన్నారు. తిప్పారో లేదో మళ్లీ వెళ్లినప్పుడు చూసి చెబుతా.

ఎవరికి ఏది పనికొస్తుందంటే నా అభిప్రాయం ఇది. మీరు ఒకే లేక్‌కి వెళ్లేవాళ్లైతే సీలు కంటే చవకైనదీ నమ్మకమైనదీ లేదు, బయటికొచ్చేటప్పుడు మాత్రం సీలు వేయించుకోకుండా కదలకండి, చేపలు పడుతున్నా సరే ఆరున్నరకి గాలాలు చుట్టేయండి. వారం వారం డెల్టాలోనే తిరిగేవాళ్లకి సీలుతో పనిలేదు, అక్కడ అడిగేవాళ్లు లేరు, కాకపోతే ఆ బోటుని కొండల వైపు తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఆర్నెల్ల ముందే ప్లాన్ చేసుకోవాలి. ఇంటికొచ్చి కడిగే సర్వీసు, నిజం చెప్పాలంటే, చాలామందికి దండగ. మీరు వెళ్లే లేక్‌వాళ్లు ఆ రసీదు ఒప్పుకుంటారా అని ముందు ఫోన్ చేసి కనుక్కోండి, నూటికి తొంభై వంతులు ఒప్పుకోరని నా అనుమానం. ఒప్పుకుంటే మాత్రం కడిగేవాడి దగ్గర థర్మామీటరు ఉందా, చేపల ట్యాంకూ మోటారు లోపలా వేడినీళ్లు పంపుతాడా అని రెండే ప్రశ్నలు అడగండి, నసిగితే ఫోన్ పెట్టేయండి. నేను ఆయనకి ఒక స్టారే ఇద్దామనుకున్నా. కానీ తర్వాత ఫోన్ చేసి ట్యాంకులో నీళ్ల సంగతి చెబితే వాదించకుండా 60 డాలర్లు వెనక్కి పంపాడు, అందుకని రెండు. చిన్న కయాకులు, గాలి నింపుకునే పడవలు ఉన్నవాళ్లకి మేం వెళ్లే చోట సీలు లేదు, మనమే తుడిచి ఆరబెట్టి ఫారం నింపిస్తే చాలు. ఈ బోటు అమ్మేసి రెండు కయాకులు కొందామని మా స్నేహితుడు అప్పుడే నస మొదలుపెట్టాడు. మా ఆవిడైతే మొదటిరోజే ఆ మాటంది.

ఈసారి సీలు విప్పడానికి ఇంకా పదకొండు రోజులుంది. మామగారి ఫ్లైట్ తొమ్మిదో రోజున. నేను లెక్క చెప్పి బాధపడుతుంటే ఆయన, "గట్టు మీద కూర్చుని గాలం వేసుకోవడానికి సీలు అక్కర్లేదు కదా బాబూ" అన్నారు. అక్కర్లేదు. ఆయనకి రెండు రోజుల ఫిషింగ్ లైసెన్సు తీశాను, రేపు పొద్దున్నే బెథనీకి వెళ్తున్నాం, రెండు మడత కుర్చీలు, ఫ్లాస్కులో టీ. జోళ్లు మాత్రం ఇంటికొచ్చాక ఎండలో పెట్టమని ఇప్పుడే ఆయనే నాకు చెబుతున్నారు.